మూడున్నరేళ్ల జెల్ గ్రిడ్ పరుపు: విప్పి, కొలిచి, తిరిగి కట్టిన కేస్ స్టడీ

పరుపుల తయారీ, మరమ్మతు నా వృత్తి. జెల్ గ్రిడ్ పరుపు, అంటే పైన గళ్లు గళ్లుగా అచ్చుపోసిన జెల్ పొర ఉండే పరుపు, ఇబ్బంది పెడితే అందరూ ముందుగా ఆ జెల్‌నే అనుమానిస్తారు. కొన్నవారే కాదు, నాలాంటి పనివారూ అంతే. నేనూ చాలాకాలం అలాగే అనుమానించాను. ఒకసారి బాగున్న జెల్ పొరను తీసేసి కొత్తది వేసి, అయినా ఇబ్బంది తీరక, ఆ ఇంటివారి ముందు తలవంచుకున్నాను. ఆ అనుభవం తర్వాత వచ్చిన కేసు ఇది. అందుకే ఈసారి కొలవకుండా ఏమీ చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. చేసిన ప్రతి కొలతా కింద రాస్తున్నాను, ఈ పని చేసేవారికి పనికొస్తుందని.

దంపతులిద్దరూ నడివయసువారు. భర్త బరువు 104 కిలోలు, వెల్లకిలా పడుకుంటారు. భార్య బరువు 57 కిలోలు, రాత్రంతా దాదాపు పక్కకు తిరిగే పడుకుంటారు. పరుపు మొత్తం మందం 25 సెంటీమీటర్లు: పైన 5 సెంటీమీటర్ల జెల్ గ్రిడ్, దాని కింద 5 సెంటీమీటర్ల మెత్తని ఫోము, అడుగున 15 సెంటీమీటర్ల గట్టి ఫోము. మంచానికి పలకలు కాకుండా ఖాళీలు లేని ప్లైవుడ్ చెక్క ఉంది.

ఆయన చెప్పినది: నడుము దగ్గర పరుపు కుంగిపోతోంది, పొద్దున లేవగానే నడుము పట్టేస్తోంది, అర్ధరాత్రి దాటాక వీపు కింద ఉడుకుతోంది. "జెల్ ఎండిపోయిందని అంటున్నారండీ. పై పొర మార్చేస్తే సరిపోతుందేమో చూడండి" అన్నారు. ఆవిడ మాట ఇందుకు పూర్తిగా ఎదురు. "నాకైతే ఏడాదిగా ఇది రాయిలా ఉందండీ. భుజం ఆనదు, చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఆయనకు మెత్తబడి కుంగుతోందంటే నాకు ఆశ్చర్యంగా ఉంది." చేతి తిమ్మిరికి వైద్యుడిని సంప్రదించారా అని అడిగాను. మెడనూ నరాలనూ పరీక్ష చేయించామని, తేడా ఏమీ లేదని చెప్పారు. పడక మార్పుతో తగ్గని తిమ్మిరి ఏదైనా వైద్యుడు చూడవలసిందే. ఆ హద్దు నేను దాటను.

ఒకే పరుపు, ఒకే పొర. ఒకరికి మరీ మెత్తన, మరొకరికి మరీ గట్టి. జెల్ పాడైతే ఈ రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయన్నదే నన్ను ఆలోచింపజేసిన మొదటి ప్రశ్న.

ఎండిపోవడానికి అందులో నీరు లేదు

"జెల్" అనే మాటను బజారులో రెండు వేర్వేరు వస్తువులకు వాడుతున్నారు. మెమరీ ఫోములో జెల్ పూసలు కలిపితే దాన్నీ జెల్ పరుపే అంటారు. అది ఫోమే; జెల్ కలిసినంత మాత్రాన దాని నడక మారదు. మనం మాట్లాడుకునేది గ్రిడ్ గురించి: నిలువు గోడలతో గళ్లు గళ్లుగా అచ్చుపోసిన రబ్బరులాంటి పొర. దీన్ని ఇళ్ల పరుపుల్లోకి తెచ్చినవారిలో అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన టోనీ, టెర్రీ పియర్స్ సోదరులు ముఖ్యులు. అంతకుముందు ఇదే రకం జెల్ చక్రాల కుర్చీల మెత్తల్లో పనిచేసింది. రోజంతా కదలకుండా కూర్చునేవారికి పుండ్లు పడకుండా ఒత్తిడి తగ్గించడం దాని మొదటి పని.

ఇది స్టైరీన్ ఆధారిత రబ్బరుకు తెల్లని ఖనిజ తైలం పట్టించి చేసే పదార్థం. రబ్బరు అణువుల గొలుసుల కొసల్లో పాలిస్టైరీన్ గట్టి ముద్దలుగా చేరి కణుపుల్లా పట్టి ఉంచుతుంది. మధ్యనున్న మెత్తని భాగం నూనెను పీల్చుకుని సాగుతుంది. ఆ కణుపులు మెత్తబడాలంటే 100 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా వేడి కావాలి. మనిషి ఒంటి వేడి దాన్ని ఏమీ చేయలేదు. నీరు లేదు కనుక ఎండడమన్నదీ లేదు. ఖనిజ తైలం గది వేడికి ఆవిరయ్యేది కాదు. జరగగలిగింది వేరొకటి: తనను తాకి ఉన్న ఫోములోకో జిగురులోకో ఆ నూనె కొద్దికొద్దిగా పాకడం. దాని సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే ఈ కేసులో నా రెండో అనుమానం దానిమీదే.

ఇక సుఖం ఎక్కడి నుంచి వస్తుందంటే, గోడ ఒరగడం నుంచి. సన్నని నిలువు స్తంభాన్ని పైనుంచి నొక్కితే ఒక హద్దు వరకు అది నిటారుగా నిలుస్తుంది, హద్దు దాటగానే పక్కకు వంగిపోతుంది. ఆ హద్దు ఎంతో 1744లోనే గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్ లెక్కగట్టాడు. గోడ ఎత్తు రెట్టింపైతే హద్దు నాలుగో వంతుకు పడిపోతుంది. గోడ మందం రెట్టింపైతే వంగడానికి ఎనిమిది రెట్ల బలం కావాలి. అందుకే ఒకే జెల్‌తో చేసినా పొడవాటి గళ్లు మెత్తగా, పొట్టి గళ్లు గట్టిగా అనిపిస్తాయి. తుంటి, భుజం లాంటి ఎత్తైన చోట్ల గోడలు ఒరిగి దారి ఇస్తాయి; వాటి పక్కన తక్కువ బరువు పడే నడుము వంపు దగ్గర గోడలు నిలబడి ఆసరా ఇస్తాయి. ఒకసారి ఒరిగిన గోడ ఇక అంత గట్టిగా ఎదురు తిరగదు, కాబట్టి అక్కడ ఒత్తిడి పెద్దగా పెరగదు. స్పాంజిలా నొక్కేకొద్దీ బిగుసుకునే గుణం దీనికి లేదు. ఈ గుణమంటే నాకు నిజంగా ఇష్టం. సరిగ్గా కట్టిన గ్రిడ్ మీద పక్కకు తిరిగి పడుకుంటే భుజానికి దొరికే చోటు మరే పొరలోనూ నేను చూడలేదు.

అయితే ఇదంతా ఒక షరతు మీద నడుస్తుంది. బరువు ఆ కొద్ది గళ్ల మీదే పడాలి. పైన బిగువైన బట్ట ఏదైనా పరిచి బరువును నాలుగు దిక్కులకూ పంచేస్తే, ఏ ఒక్క గోడా తన హద్దు చేరదు. అప్పుడు గ్రిడ్ అంతా కలిసి పలకలా నిలబడుతుంది.

ఆవిడ భుజం సంగతి అక్కడే ఉంది. దుప్పటి తీయగానే కనిపించింది: చుట్టూ ఎలాస్టిక్‌తో బిగించిన మందపాటి రక్షణ కవరు, లోపల దూది లాంటి ఫైబరు కుట్టి, అడుగున ప్లాస్టిక్ పూత. వేలితో లాగితే ఏ వైపూ సాగదు. డప్పు మీది తోలంత బిగువు. "ఇది ఎప్పుడు వేశారండీ?" అని అడిగితే "పోయిన ఏడాది, ఉతికాక ఇంకా బిగుసుకుంది" అన్నారు ఆవిడ. ఏడాదిగా రాయిలా ఉందని ఆవిడే అంతకుముందు చెప్పారు. రెండు తేదీలూ కలిశాయి. కవరు తీసి, పలచని దుప్పటి మాత్రమే వేసి పడుకోమన్నాను. పడుకున్న నిమిషంలోనే "భుజం దిగిందండీ" అన్నారు. 57 కిలోల మనిషికి గ్రిడ్ హద్దు దాటడం అసలే కష్టం, దాని మీద ఈ బిగువు.

కొలతలు

ఆయన ఇబ్బంది అంత సులువుగా తేలలేదు. చేత్తో నొక్కి చూశాను. ఆయన నడుము చోట గోడలు నీరసించినట్టే తోచింది. జెల్ అలసిపోయిందని మనసులో దాదాపు తీర్పు ఇచ్చేశాను. కానీ అరచేతికి తెలిసేది అన్ని పొరల మొత్తం మెత్తదనం మాత్రమే. ఏ పొర ఎంత లొంగిందో చేయి చెప్పలేదు. పాత తప్పు గుర్తుకొచ్చి చేయి వెనక్కి తీసుకున్నాను.

మొదట ఎవరూ పడుకోని పరుపు మీద తిన్నని కర్ర అడ్డంగా పెట్టి గుంట లోతు కొలిచాను: 11 మిల్లీమీటర్లు. చాలా కంపెనీలు హామీ కింద లెక్కలోకి తీసుకునేది 25 మిల్లీమీటర్లు, కొన్ని 38 మిల్లీమీటర్లు దాటిన గుంటనే. ఆ లెక్కన ఈ పరుపు నిక్షేపంగా ఉన్నట్టు. ఈ పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. మనిషి పడుకునేది ఖాళీ పరుపు మీద కాదు, తన బరువు మోస్తున్న పరుపు మీద. ఫోము బలం కోల్పోయినా బరువు తీయగానే చాలావరకు పైకి లేస్తుంది. దానిపై జెల్ ఇంకా చురుకుగా లేచి, పైకి చదునుగా కనిపించేలా చేస్తుంది. ఖాళీ పరుపు మీద కర్ర పెట్టి చూస్తే ఆ లోపం బయటపడదు.

అందుకే బరువు పెట్టి కొలిచాను. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రని చెక్క మీద 25 కిలోలు పెట్టి, ఒక నిమిషం ఆగి, ఎంత దిగిందో చూస్తాను. ఫోము గట్టిదనం పరీక్షించే ఐఎస్ఓ 2439 ప్రమాణంలోనూ సుమారు ఇంతే వ్యాసమున్న పళ్లెం వాడతారు. నాది ప్రయోగశాల యంత్రం కాదు గానీ ఒకే పరుపులో రెండు చోట్లను పోల్చడానికి చాలు. పోల్చడానికి కాళ్లవైపు మూల తీసుకున్నాను, అక్కడ ఎవరి బరువూ పడదు కాబట్టి అది కొత్త పరుపుతో సమానం. ఆయన నడుము చోట 108 మిల్లీమీటర్లు దిగింది, మూలన 91. అంటే 17 మిల్లీమీటర్ల తేడా. ఖాళీగా 11 అనిపించినది బరువు కింద ఇంకా లోతు.

తర్వాతి వారం పరుపును విప్పాను. ఇది ఒంటరిగా చేయగలిగే పని కాదు. జెల్ పొర చాలా బరువు, పైగా పట్టుకున్నచోటల్లా సాగుతుంది; అంచు పట్టుకుని లాగితే గోడల కూడళ్లు చిరుగుతాయి. పక్కన ప్లైవుడ్ చెక్క ఆనించి, గ్రిడ్ అడుగున అతికి ఉన్న పలుచని గుడ్డతో సహా దాని మీదికి జరిపాం. మడతపెట్టలేదు. మడతలో రోజుల తరబడి నలిగిన గళ్లు మళ్లీ నిటారుగా లేవడానికి చాలా సమయం తీసుకుంటాయి.

ప్రతి పొరనూ విడిగా గట్టి చెక్క మీద పరిచి అదే బరువుతో కొలిచాను. జెల్ పొర నడుము చోట 29 మిల్లీమీటర్లు దిగింది, మూలన 27. అడుగు ఫోము నడుము చోట 61, మూలన 56. మధ్యనున్న మెత్తని ఫోము మాత్రం మూలన 24 దిగితే నడుము చోట 36 దిగింది. తేడాలో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఈ ఒక్క పొరదే. పొరలు కలిసి ఉన్నప్పుడు బరువు పక్కలకు పాకుతుంది కనుక విడి కొలతల మొత్తం పూర్తి పరుపు కొలతతో సరిగ్గా సరిపోదు. అయినా దోషి ఎవరో తెలియడానికి ఆ అవసరం లేదు. మూడున్నరేళ్లు 104 కిలోలు మోసిన జెల్ కోల్పోయింది 2 మిల్లీమీటర్లు.

మధ్య ఫోమును దాని గుణం బట్టి చూద్దామని, మూలన 50 సెంటీమీటర్ల చదరపు ముక్క గీసి, కత్తిరించి తూకం వేశాను. 340 గ్రాములు. ఘనమీటరుకు 27 కిలోల సాంద్రత అన్నమాట. ఇక్కడ ఒక మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే వృత్తిలో ఉన్నవారిలోనూ ఈ గందరగోళం చూస్తున్నాను. సాంద్రత వేరు, గట్టిదనం వేరు. ఎక్కువ సాంద్రత ఉన్న ఫోమును మెత్తగానూ చేయవచ్చు, తక్కువ సాంద్రత ఉన్నదాన్ని గట్టిగానూ చేయవచ్చు. మొదటి రోజు వేలికి తెలిసేది గట్టిదనం. మూడేళ్ల తర్వాత మిగిలేదెంతో చాలావరకు తేల్చేది సాంద్రత, అంటే బరువు మోయడానికి అందులో ఎంత పదార్థం ఉందన్నది. దుకాణంలో పడుకుని చూస్తే 27 కిలోల ఫోముకూ 50 కిలోల ఫోముకూ తేడా తెలియకపోవచ్చు.

జెల్ నిలిచి, ఫోము ఎందుకు ఓడిపోయింది? ఫోము అంటే సన్నని కాడలతో అల్లిన గాలి బుడగల గూడు. పదే పదే నలిగితే ఆ కాడలు కొన్ని విరుగుతాయి. పైగా ఫోము పదార్థమైన పాలియురేథేన్ అణువుల గొలుసుల మధ్య ఉండే బలహీనమైన బంధాలు వేడికీ తేమకూ సడలి, నలిగిన ఆకారంలోనే మళ్లీ కుదురుకుంటాయి. గ్రిడ్ గోడ బుడగలు లేని నిండు రబ్బరు. ఒరిగి లేవడం దానికి సహజమైన కదలిక. అయితే ఒరిగిన గోడ బరువును తనలో దాచుకోదు, కింది పొరకు అందిస్తుంది. బరువైన మనిషి తుంటి కింద గ్రిడ్ ఒరిగిన తర్వాత మిగిలిన భారమంతా మోసేది ఆ మధ్య పొరే. పరుపులో అన్నిటికన్నా ఎక్కువ పని పడే చోట అన్నిటికన్నా తక్కువ సాంద్రత పెట్టారు. నాకు కోపం వచ్చింది ఈ సంగతికే.

పరుపుల మన్నికకు ఈఎన్ 1957 అనే ఐరోపా ప్రమాణం ఉంది. 1400 న్యూటన్ల బరువున్న రోలరును 30,000 సార్లు దొర్లించి, ఎత్తూ గట్టిదనమూ ఎంత తగ్గాయో చూస్తారు. మంచి పరీక్ష. కాకపోతే అది మామూలు గది వాతావరణంలో, పొడిగా, నిరంతరంగా సాగుతుంది. ఒంటి వేడి, చెమట తేమ, ఒకే చోట ఏడెనిమిది గంటల నిశ్చలమైన బరువు అందులో లేవు. రోలరు గెలిచిన ఫోము మనిషి కిందా గెలుస్తుందన్న భరోసా నాకు లేదు.

నూనె అనుమానం కూడా ఇక్కడే తీర్చుకున్నాను. మధ్య ఫోము పైముఖం మీద గళ్ల ఆకారంలో లేత జిడ్డు గుర్తులు ఉన్నాయి. నూనె తగిలి ఫోము మెత్తబడిందేమో అనిపించింది. కానీ అవే గుర్తులు మూలన కూడా ఉన్నాయి, అక్కడి ఫోము మాత్రం బలంగానే ఉంది. కాబట్టి ఈ పరుపు వరకు నూనెను దోషిగా నిలబెట్టలేను.

చల్లదనం విషయం

ఆయన ఉడుకు గురించి మొదట నా దగ్గరున్న వివరణ అందరూ చెప్పేదే: జెల్ చల్లగా ఉంటుంది, కాబట్టి జెల్ పనిచేయడం లేదు. ఇందులో మొదటి సగమే అర్ధసత్యం. జెల్ వేడిని ఫోము కన్నా నాలుగైదు రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది, అందుకే తాకగానే చల్లగా తోస్తుంది. ఆ చల్లదనం జెల్ తనలో వేడిని నింపుకునేంతవరకే. దాని ప్రసరణ గుణం, ఉష్ణధారణ శక్తి పట్టి లెక్కవేస్తే, ఒక సెంటీమీటరు లోతుకు వేడి ఇంకడానికి పావుగంటకు కొంచెం పైన, రెండు సెంటీమీటర్లకు గంటకు పైన పడుతుంది. లోతు రెట్టింపైతే సమయం నాలుగింతలు. పడుకున్న తొలి గంటలో ఒంటికి తెలిసే చల్లదనం ఇదే. తర్వాత జెల్ కూడా మనతో పాటే వెచ్చబడుతుంది. నిద్రలో మనిషి ఒళ్లు సుమారు 70 నుంచి 80 వాట్ల వేడిని విడుస్తుంది. ఆయనంత మనిషికి 90 దాకా ఉంటుంది. అందులో పరుపు వైపు వచ్చే భాగం ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఆ దారి జెల్ కాదు, గళ్లలోని గాలి. మనిషి కాస్త మెదిలినప్పుడల్లా గళ్లు నొక్కుకుని, తెరుచుకుని, తిత్తిలా గాలిని మారుస్తాయి.

ఈ పరుపులో ఆ గాలికి దారి ఏది? గళ్ల అడుగు ఫోముకు ఆని మూసుకుపోయింది. కింద ప్లైవుడ్. పైన ప్లాస్టిక్ పూత ఉన్న కవరు. అన్ని వైపులా మూత.

ఊహతో ఆగకుండా వేడిని, తేమను నమోదు చేసే చిన్న సెన్సార్లను దుప్పటి కింద, ఆయన వీపు వచ్చే చోట పెట్టించాను. కవరుతో రెండు రాత్రులు, కవరు లేకుండా రెండు రాత్రులు. గది వేడి నాలుగు రాత్రులూ 25 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంది. పడుకున్న మూడు గంటలకు కవరుతో 34.6 డిగ్రీలు, తేమ 78 శాతం. కవరు లేనప్పుడు 33.4 డిగ్రీలు, తేమ 61 శాతం. నాలుగు రాత్రుల సంగతి ఇది, దీన్ని సూత్రంగా చెప్పడం లేదు. కానీ ఆ అంకెలు చూసినప్పుడు నాకు తట్టింది ఒకటుంది: ఆయన "ఉడుకు" అంటున్నది ప్రధానంగా వేడిని కాదు, ఆరని తేమను. వేడిలో తేడా డిగ్రీకి కొంచెం పైన. తేమలో తేడా చాలా పెద్దది. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2400 జౌళ్ల వేడి తీసుకుపోతుంది. గంటకు 20 గ్రాములు ఆవిరైతే 13 వాట్లు పోయినట్టే. ఆ ఆవిరికి దారి మూసేస్తే ఎంత గొప్ప జెల్ పెట్టినా ఆ లోటు పూడదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది, దీన్ని ఎవరూ కొనేవారికి చెప్పడం నేను వినలేదు. బరువు ఎక్కువ పడే చోట గోడలు పూర్తిగా ఒరిగి గళ్లు మూసుకుపోతాయి. అంటే గాలి ఎక్కువ కావలసిన తుంటి, వీపు కిందే గాలి తక్కువగా ఆడుతుంది. గాలి ఆడేది నడుము వంపు, మెడ, మోకాళ్ల వెనుక. 57 కిలోల మనిషికి 5 సెంటీమీటర్ల గ్రిడ్ చల్లగా ఉంటే అదే గ్రిడ్ 104 కిలోల మనిషికి అలా ఉండకపోవడంలో వింత లేదు. అంత బరువుకు మందమైన గోడలున్న, ఇంకా లోతైన గ్రిడ్ కావాలి. గోడ మందం పెంచకుండా ఎత్తు మాత్రం పెంచితే ముందే ఒరిగిపోతుంది, పైన ఆయిలర్ లెక్క చెప్పినట్టు.

ఆ రక్షణ కవరు చేసిన మేలు ఒకటుంది, అది దాచడం న్యాయం కాదు. దాని కింది పొరలన్నీ మరక లేకుండా, వాసన లేకుండా పొడిగా ఉన్నాయి.

చేసిన పని

జెల్ పొరను అలాగే ఉంచాను. అంచున, కూర్చుని లేచే చోట, మూడు కూడళ్లలో చిరుగులు కనిపించాయి. అన్నిటిలో పెద్దది 2 సెంటీమీటర్లు. ఈ పదార్థం వేడికి కరిగే రకం కాబట్టి కాల్చి అతకవచ్చని కొందరు అంటారు. నేను చేయను. నూనె పొగ వస్తుంది, అతికిన చోట గోడ గట్టిపడి పక్క గోడను కోస్తుంది. మనిషి పడుకునే చోటికి దూరంగా ఉన్నాయి గనుక వాటి జోలికి పోలేదు.

మధ్య పొరను తీసేసి ఘనమీటరుకు 50 కిలోల సాంద్రత ఉన్న, త్వరగా పైకి లేచే రకం ఫోము వేశాను. మందం అంతే, 5 సెంటీమీటర్లు. ఆయన సగానికి గట్టిది, ఆవిడ సగానికి మెత్తనిది. మొదట రెండు సగాలనూ నిలువుగా కోసి పక్కపక్కన పెట్టాను. జెల్ మీద చేయి వేసి చూస్తే మధ్యలో గట్టు తగిలింది. గట్టు మీద మరో పలుచని ఫోము పరిస్తే సరిపోయేది గానీ, గళ్ల అడుగున ఇంకొక మూత వేయడం నాకిష్టం లేదు. రెండు ముక్కల అంచులనూ 10 సెంటీమీటర్ల మేర ఏటవాలుగా కోసి ఒకదానిమీద ఒకటి వాలేలా కూర్చాను. గట్టిదనం నెమ్మదిగా మారింది, గట్టు పోయింది.

జెల్‌ను ఫోముకు జిగురుతో అతికించలేదు. నూనె ఊరే పదార్థం మీద జిగురు ఎక్కువ కాలం పట్టదు, పట్టినా ఫోముతో పాటు చిరుగుతుంది. గ్రిడ్ అడుగు గుడ్డ అంచులను పక్క ఫోము చుట్టూ ఉన్న బట్టకు కుట్టాను. జెల్ తనంతట తానే కింది పొరను పట్టుకుని కూర్చుంటుంది, జారదు.

మందపాటి కవరు స్థానంలో నాలుగు వైపులా సాగే, పలుచని అల్లిక బట్టతో చేసిన కవరు వేయించాను. దాని పొర నీటిని ఆపుతుంది కానీ ఆవిరిని పోనిస్తుంది. ప్లైవుడ్ చెక్కకు వరుసగా రంధ్రాలు పెట్టించాలని కూడా అనుకున్నాను. తర్వాత ఆగాను. 15 సెంటీమీటర్ల గట్టి ఫోము దాటి గ్రిడ్ దాకా వచ్చే గాలి లెక్కలోకి రాదు. అడుగున తేమ చేరకుండా మాత్రం నాలుగు రంధ్రాలు చాలు, అవే పెట్టాం.

పరుపును తల, కాలు మార్చి తిప్పడం గురించి ఆయన అడిగారు. తిప్పమనే చెప్పాను, కానీ అందరూ అనుకునే కారణానికి కాదు. తుంటి వచ్చేది పరుపు పొడవులో దాదాపు మధ్యనే. తిప్పినా తుంటి కిందికి అదే అడ్డం వరుస వస్తుంది. మారేది ఆయన పక్కా ఆవిడ పక్కా. మామూలు జంట పరుపులో అది లాభమే, భారం ఇద్దరి మధ్యా పంచుకుంటుంది. ఈ పరుపులో సగాల గట్టిదనం వేరు కనుక జెల్ పొర ఒక్కటే తిప్పాలి, మధ్య ఫోము కాదు. ఏడాదికొకసారి నేనే వచ్చి తిప్పుతానని చెప్పాను.

ఆ తర్వాత

పని పూర్తయిన రోజే కొలిస్తే ఆయన నడుము చోట 93 మిల్లీమీటర్లు దిగింది. మూడు వారాలకు ఫోను చేశాను. ఆవిడ చేతి తిమ్మిరి పది రోజుల్లో పోయింది. "రాత్రి మధ్యలో పక్క మార్చుకోవడం కూడా తగ్గిందండీ" అన్నారు. ఆయనకు నడుము పట్టేయడం తగ్గింది, కానీ మొదటి వారం పరుపు గట్టిగా, కాస్త ఊగుతున్నట్టు అనిపించిందట. మూడున్నరేళ్లు గుంటలో పడుకోవడానికి అలవాటుపడిన ఒళ్లు. నాలుగో వారానికి ఆ మాట అనడం మానేశారు.

ఉడుకు మాత్రం పూర్తిగా పోలేదు. వీపు తడిసిపోవడం ఆగింది. తెల్లవారుజామున వెచ్చదనం ఇంకా తెలుస్తోందని చెప్పారు. సెన్సార్లు మళ్లీ పెట్టి చూస్తే తేమ 63 శాతం దగ్గర ఆగింది, వేడి 33.5 డిగ్రీలు. ఆయన బరువుకు ఈ 5 సెంటీమీటర్ల గ్రిడ్ ఇవ్వగలిగింది అంతే. ఆ మాట దాచకుండా చెప్పి, పైన కప్పుకునే మందపాటి దుప్పటి మార్చమన్నాను. దాంతో ఇంకొంత తేలికపడ్డారు.

14 నెలలకు మళ్లీ విప్పాను, జెల్ పొర తిప్పడానికి. పూర్తి పరుపు మీద నడుము చోట కొలత 94 మిల్లీమీటర్లు, ఏడాదికి పైగా గడిచినా అదనంగా దిగింది ఒక్క మిల్లీమీటరే. జెల్ విడిగా 29, మునుపటి అంకే. కొత్త ఫోము పైముఖం మీద గళ్ల ఆకారంలో జిడ్డు గుర్తులు మళ్లీ మొదలయ్యాయి, ఇంకా చాలా లేతగా. అంచున ఉన్న పెద్ద చిరుగు 2 సెంటీమీటర్ల నుంచి రెండున్నరకు పెరిగింది. బట్టలు వేసుకునేటప్పుడు ఆయన ఇంకా ఆ అంచునే కూర్చుంటున్నారట. చిరుగు కొసలకు సిరాతో గుర్తులు పెట్టాను, వచ్చే ఏడాది ఎంత దాటిందో చూడటానికి.